దూరం జిల్లా సార్

మా సేఫ్టీ సార్ పోయారని ఆయన కూతురు మెసేజ్ పెట్టింది. అప్పుడు నేను ఒమాన్‌లోని దుక్మ్ క్యాంపు మెస్‌లో అన్నం ముందు కూర్చుని ఉన్నాను. చదివాను. ప్లేటులో ఉన్నది తిన్నాను. చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్ళాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఏడుపు రావడం లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పోయినవాళ్ళ పేరు పలకకపోవడం వాళ్ళ పెద్దల పద్ధతని ఆయనే ఒకసారి చెప్పారు. ఆయన అమెరికాలో కొలరాడో కొండల మనిషి. యూట్ అనే ఆదివాసీ తెగవారు. పొద్దున పని మొదలయ్యే ముందు మీటింగులో ఆయన ఇంగ్లీషులో చెప్పే జాగ్రత్తలను కట్టడం పనివాళ్ళకు తెలుగులో, హిందీలో చెప్పడం నా ఉద్యోగం.

మొదటిరోజే ఆయన "నేనూ ఇండియన్‌నే" అన్నారు. అక్కడ ఆదివాసులను అలాగే పిలుస్తారట. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పేశాను. ముందు వరసలో ఉన్న జగిత్యాల మల్లన్న, "ఏ జిల్లా సార్?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

నేను ఇంగ్లీషులో అడిగితే సార్, "చాలా దూరం జిల్లా" అన్నారు. అప్పటినుంచి మావాళ్ళకు ఆయన దూరం జిల్లా సార్.

ఎవరి హెల్మెట్ బెల్టయినా వదులుగా కనిపిస్తే తిట్టేవారు కాదు, దగ్గరికి వచ్చి తానే బిగించేవారు. "పైన భయమేస్తే దిగిపో, మిగతాది నేను చూసుకుంటా" అనేవారు. చూసుకునేవారు కూడా.

జీపులో వెళ్తుంటే తన భాషలో మాటలు చెప్పేవారు. నీళ్ళను 'పా' అంటారట. చాలా మాటల చివర అచ్చు గొంతు లేకుండా, ఊపిరిలా పోతుంది. నాకు వినబడేది కాదు. "ఉంది, మళ్ళీ విను" అనేవారు. వాళ్ళమ్మను చిన్నప్పుడు సర్కారు హాస్టల్ బడిలో వేశారు. అక్కడ సొంత భాష మాట్లాడితే కొట్టేవారు. ఆ భయంతో ఆమె పిల్లలకు నేర్పలేదు. ఈయన పెద్దయ్యాక మేనత్త దగ్గర నేర్చుకున్నారు. డ్యూటీ దిగాక ఆమెకు ఫోన్ చేసేవారు. ఆమె తప్పులు దిద్దుతుంటే ఈయన నవ్వడం రూమ్ బయటికి వినిపించేది.

పోయిన వేసవిలో ఆ మేనత్త చనిపోయింది. ఆయనకు లీవు దొరకలేదు. మర్నాడు పొద్దున మీటింగుకు మామూలుగానే వచ్చారు. మైకు తీసుకుని తన భాషలో మాట్లాడడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆ భాష నాకు రాదు, తెలుగులోకి మార్చలేకపోయాను.

"సార్ ఏమంటుండు?" అని మల్లన్న మెల్లగా అడిగాడు.

"సార్ వాళ్ళ మేనత్త పోయిందట. ఆమెతోని మాట్లాడే భాషల మాట్లాడుతుండు" అన్నాను.

మల్లన్న హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. సైట్‌లో అది తప్పు. వెనక ఒక్కొక్కరే తీశారు. సార్ చూశారు. మాట ఆపలేదు.

ఈ శీతాకాలం ఒంట్లో బాగాలేక ఇంటికి వెళ్ళారు. ఇక రాలేదు.

నిన్న కూతురు ఫోన్ చేసింది. "నాన్న అక్కడ మా భాష ఎవరితోనైనా మాట్లాడేవారా? తప్పులొస్తాయని మా ముందు సిగ్గుపడేవారు."

ఆ పొద్దుటి సంగతి చెప్పాను.

"ఎవరు విన్నారు?"

"షిఫ్టు మొత్తం."

"మళ్ళీ చెప్పండి" అంది.

మొదటినుంచి చెప్పాను. బయట సైట్ బస్సు హారన్ కొడుతోంది. మావాళ్ళు ఎక్కుతున్నారు. ఆమె ఇంకా లైన్‌లోనే ఉంది.