ఉన్నంత తడే రాయి

హెప్సిబా ఇప్పటికి నలభైకి పైగా బావుల లెక్క తేల్చింది. వాటిల ఒక్కదాన్ని కూడా కండ్లతో చూడలేదు. అవన్నీ సముద్రం దిక్కున, రెండు కిలోమీటర్ల లోతుకు తవ్విన గ్యాసు బావులు. ఆమె ఉండేదేమో హనుమకొండ సుబేదారిలో, రెండో అంతస్తు అద్దె ఇంట్లో. హైదరాబాద్ కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్, పక్కన ఇంకో తెర, కింద ఇన్వర్టర్. అదే ఆఫీసు.

"మీ బిడ్డ ఏం పని చేస్తది?" అని వాడకట్టోళ్లు అడిగితే వాళ్లమ్మ సువార్తమ్మ దగ్గర ఒకటే జవాబు.

"భూమిల నీళ్లు ఎంతున్నయో చూస్తది."

"అయితే మా బోరు కూడా జర చూడమను!"

ప్రతిసారీ ఇదే లొల్లి. కానీ సువార్తమ్మ చెప్పింది తప్పేం కాదు. బావి తవ్వినంక లావు తీగకు కట్టి పరికరాలు లోపలికి దింపుతరు. ఏ లోతుల రాయి కరెంటును ఎంత ఆపుతుందో అవి గీతలు గీసి చెప్తయి. ఇసుకరాయి సందుల్లో ఉప్పునీళ్లుంటే కరెంటు అలవోకగా పోతది. గ్యాసుంటే ఆగుతది. ఆ గీతలు చూసి, సందుల్లో నూటికి ఎన్ని పాళ్లు నీళ్లో తేల్చుడు హెప్సిబా పని. మిగిలింది గ్యాసు. వినడానికి అల్కగనే ఉంటది. ఇసుకరాయిల బంకమట్టి కలిసిందా, అంతా ఆగమే. ఆ మట్టి కూడా కరెంటును పోనిస్తది. అప్పుడు గ్యాసున్న రాయి కూడా నీళ్ల రాయి లెక్కనే కనబడుతది.

మొన్న ఫిబ్రవరిల అట్లాంటిదే ఒకటి వచ్చింది. పద్నాలుగు మీటర్ల మందం ఇసుకరాయి, నిండా మట్టి. మామూలు సూత్రం పెడితే నీళ్లు డెబ్బై మూడు పాళ్లు. టీం లీడర్ భానుచందర్ పొద్దున్నే ఫోన్ చేసిండు.

"నీళ్లే కదా హెప్సిబా. సోమవారం సిమెంటు పోసి మూసేస్తరట. రిపోర్టు పంపు."

"సార్, అది మట్టి సంగతి చెప్తాంది, నీళ్ల సంగతి కాదు. నాకు రెండు రోజులియ్యిండి."

"ఏ బావి వచ్చినా మట్టి మీదికే నూకుతవేంది?"

"ఈ బావిల మట్టి ఉన్నది సార్, అందుకే."

సిమెంటు పోసినంక దాన్ని మళ్లీ ఎవడూ తెరవడు. లోపల గ్యాసుంటే అది ఇగ ఉన్నా లేనట్టే. ఆ బావి కంపెనీల ఒక హద్దు కూడా ఉన్నది: నీళ్లు యాభై పాళ్లు దాటితే టెస్టు చెయ్యరు, అంటే ఆ రాయికి తూట్లు పెట్టి ఏమొస్తదో చూడరు.

మీటరును నమ్మకుండా ముందుగాల మట్టిని అనుమానించుడు హెప్సిబాకు కాలేజీ నేర్పింది కాదు. ఆమె పెద్ద టాపరేం కాదు, ఇంటర్‌ల ఫిజిక్స్ ఒకసారి తప్పింది కూడా. ఇది ఆమె తొమ్మిదో తరగతిల, మరిపెడ దిక్కు ఒక జిన్నింగ్ మిల్లు ముందర చూసిన ముచ్చట. వాళ్లు కౌలుకు చేసిన చేన్ల ఏరిన పత్తి ట్రాలీల ఉన్నది. కొనేటాయన మీటరు సూదులు కుప్ప అడుగున గుచ్చిండు. పద్దెనిమిది చూపించింది. పన్నెండు దాటితే కొనరు.

"తేమ ఎక్కువున్నదక్కా. వాపస్ తీస్కపో."

సువార్తమ్మ పోలేదు. సూదులు దిగిన కాడి పత్తిని పిడికిట్ల తీసి విదిలించింది. పచ్చి నల్లరేగడి పెడ్డ ఒకటి కింద పడ్డది.

"అన్నా, నీ సూది మట్టిల దిగింది. ఇది మట్టి తడి, పత్తిది కాదు. ఇగో, గిక్కడ గుచ్చు."

పదకొండు.

ఆయన నవ్విండు. "అయితే నీ పత్తిల తడే లేదంటవా?"

"లేదంటలేను. అడుగున రెండు బస్తాలంత మంచుకు మెత్తబడ్డది, అది నేనే వాపస్ తీస్కపోయి ఆరబెడ్త. మిగిలిన దాంట్ల ఉన్నంత తడే రాయి."

ట్రాలీ మీద కూసున్న హెప్సిబా ఆయన్నే అడిగింది, మీటరుకు తడి ఎట్ల తెలుస్తదని. "దానికి తడి తెల్వదు బిడ్డా, కరెంటు పోతాందా లేదా అంతే" అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె జియోఫిజిక్స్ దాకా పోయింది.

ఇప్పుడు ఈ బావిల మట్టి ఎంతున్నదో తేల్చాలె. మట్టి ఎక్కువుంటే రాయి నుంచి రేడియేషన్ ఎక్కువొస్తది; ఆ గీతను బట్టి చూస్తే మట్టి నూటికి నలభై ఐదు పాళ్లు. మట్టి మోసిన కరెంటును తీసేసి లెక్క చేస్తే నీళ్లు కూడా నలభై ఐదుకు దిగినయి. యాభై కిందికొచ్చింది! హెప్సిబా కుర్చీల నుంచి లేచి, ఆ సాయంత్రమే డ్రాఫ్టు పంపింది.

తెల్లారి, బావిలకెల్లి వచ్చిన రాతిపొడి మీద సైటువాళ్లు రాసిన నోట్సు చదువుతుంటే ఒక లైను కాడ చెయ్యి ఆగింది. ఆ ఇసుక రేణువుల్లనే పొటాషియం ఖనిజం ఉన్నది. అంటే మట్టి కాకున్నా రేడియేషన్ ఇస్తది. మట్టిని తనే ఎక్కువ చేసి రాసింది. ఆ ఖనిజానికి మోసపోని సాంద్రత గీత, న్యూట్రాన్ గీత జోడించి చూస్తే మట్టి ముప్పై పాళ్లే. మళ్లీ లెక్క. నీళ్లు యాభై మూడు.

ఊకుంటే ఎవరికీ తెల్వదు. నలభై ఐదుకు టెస్టు ఖాయం. యాభై మూడంటే సిమెంటు. ఆమె చాయ్ కూడా తాగకుండా ఫోన్ కలిపింది.

"నిన్న నలభై ఐదన్నవ్ కదా!" భానుచందర్ గొంతు పెరిగింది. "నేను మీదికి పంపిన కూడా."

"నిన్న నేను తప్పు చేసిన సార్. మట్టిని ఎక్కువ రాసిన."

"మరి మూసేసుడే కదా?"

"కాదు సార్. నీళ్లు లేవంటలేను, యాభై మూడు ఉన్నయి. ఉన్నంతే రాయిండి. కానీ వాటిల చానా మటుకు మట్టిని అంటుకొని ఉన్న నీళ్లు. అవి కదలవు. బయటికి వచ్చేది గ్యాసే. ఒక్క టెస్టు పెట్టించుండ్రి."

"రాకపోతే?"

"నా పేరు రాయిండి."

ఆయన ఫోన్ పెట్టేసిండు. మధ్యాహ్నం సువార్తమ్మ అన్నం పెట్టుకొచ్చి, బిడ్డ మొకం చూసి, పక్కన కూసున్నది. రెండింటికి మెసేజ్ వచ్చింది: "టెస్టు ఓకే. నీ పేరు మీదనే."

గురువారం ఫోటో వచ్చింది. పైపు చివర గ్యాసు ఎర్రగ మండుతాంది. తను లెక్కచేసిన బావిని హెప్సిబా ఫోటోలనన్నా చూసుడు అదే మొదటిసారి. ఫోను తీస్కపోయి వాళ్లమ్మ ముందర పట్టింది.

"అబ్బ, గంత మంటనా! మరి నీళ్లు?"

"జరంత వచ్చినయి."

"నువ్వు లేవని రాయలేదు కదా?"

"రాయలేదమ్మా. యాభై మూడని రాసిన."

ఆదివారం చర్చిలో దేవుని మేలు చెప్పుకునే సాక్ష్యాల టైముకు సువార్తమ్మ లేచి నిలబడ్డది. సదువు రాని మనిషి. మైకు గట్టిగ పట్టుకొని, భూమి కింద రెండు కిలోమీటర్ల లోతుల మట్టి మోసం చేస్తుంటే తన బిడ్డ పట్టుకున్నదని చెప్పింది. హెప్సిబా సిగ్గుతోని తల వంచుకున్నది. ముందు వరుసలో ఎవరో "ఆమేన్" అన్నరు.

"ఆగుండ్రి, అయిపోలేదు" అన్నది సువార్తమ్మ. "ముందుగాల నలభై ఐదని రాసిందట. తప్పని తెలిసి తనే కొట్టేసింది. యాభై మూడు. అందరు యాదికి పెట్టుకోండ్రి, యాభై మూడు."

దేంట్లో యాభై మూడో ఒక్కరికీ తెల్వదు. అయినా చర్చి చర్చంతా "ఆమేన్" అన్నది.