అగ్గిపెట్టె తెచ్చిన చిక్కు

ఆ రోజుల్లో ఇంట్లో నిప్పు లేదంటే ఎవరూ చిన్నతనం అనుకునేవారు కాదు. అసలే యుద్ధకాలం, రాజుపాలెం దగ్గర మా ఊరి కొట్లో అగ్గిపెట్టె కనబడటమే గగనం. రాత్రి పొయ్యిలో కణికల మీద బూడిద కప్పి ఉంచితే తెల్లారి రాజేసుకోవచ్చు. మా నాయనమ్మ కప్పిన నిప్పు మాత్రం ఏనాడూ తెల్లవారడం చూసి ఎరగదు (ఆ మాట ఆవిడ ముందు అన్నవాళ్లకు ఆ పూట సంగటి ఉండదు). అందుకని పొద్దున్నే ఒక పిడక ముక్క నా చేతిలో పెట్టి, "ఏమే, పంతులమ్మింటికి పోయి నిప్పు పట్రా" అని తరిమేది.

పంతులమ్మ మా బడిలో చదువు చెప్పే ఆవిడ. చుట్టరికం లేకపోయినా నాకు అత్త. నాకేమో మనుషుల ముందు నోరు పెగలదు. నిప్పుకు మాట అక్కర్లేదు, పిడక చూపిస్తే చాలు. ఆ సౌకర్యం నాకెంతో నచ్చింది. అంతకంటే నచ్చింది ఆవిడ పొయ్యి పక్క గూట్లో ఉండే కథల పుస్తకం. పిడక అంటుకునేలోగా నిలబడే ఒక పేజీ చదివేదాన్ని. ఒకరోజు కథలో వర్తకుడి కూతురు ఎక్కిన పడవకు చిల్లుపడి నీళ్లు వస్తున్నాయి. నేనూ ఆ పడవలోనే ఉన్నాను. ఈలోగా పిడక కాలి కాలి వేళ్లకు చురుక్కుమంది. దాన్ని పొయ్యిలో విసిరేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

"నిప్పేదే?"

"అయిపోయింది నాయనమ్మా."

"అయిపోటానికి అదేమన్నా బెల్లమా? చానా బాగుందే నీ వరస!"

మళ్లీ పరిగెత్తాను గానీ, అత్త అప్పటికే బడికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే, పత్తి బండితో చిలకలూరిపేట వెళ్లిన నాన్న అగ్గిపెట్టెల కట్టతో తిరిగొచ్చాడు. నాయనమ్మ వీధి అరుగు మీద కూర్చుని, చర్చిలో ప్రార్థన నుంచి వచ్చే ప్రతి మనిషినీ ఆపి పెట్టె ఆడించి చప్పుడు వినిపించింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకుంటుంటే నాకొక్కదానికే ఆ చప్పుడు రుచించలేదు. ఇక నిప్పుకు వెళ్లే పని లేదు. మరి ఆ పడవ సంగతి ఎవరు చెబుతారు?

మర్నాడు నాయనమ్మ పుల్ల గీసి పొయ్యి ముట్టించింది. నేను మెల్లగా పిడక ముక్క ఒకటి తీసుకుని, అలవాటు తప్పని గేదెలా అత్త గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఏందే, మళ్లీ నిప్పుకేనా? మీ అగ్గిపెట్టె చప్పుడు రాత్రే విన్నానుగా. పుల్లలు వెలగటల్లేదా?"

అవునని ఒకసారి, కాదని ఒకసారి తల ఊపాను.

"తల కాదమ్మా, నోరు తెరువు. ఏం కావాలో అడుగు."

చేతిలో పిడక పొడి పొడిగా రాలిపోతోంది. చివరికి ఎలాగో గొంతు వచ్చింది. "అత్తా... ఆ పడవ మునిగిందా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పిచ్చిదానా, పొయ్యి కాడ ఎవరన్నా పుస్తకం పెట్టుకుంటారా, మసి పట్టదూ? అటక మీదున్న పుస్తకాల వంక గుటకలు మింగుతుంటే చూడలేక, నీ కోసమే దించి పెట్టా. ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా. సాయంత్రం రా, కూర్చుని చదువుకుందువు." (పడవ మునిగింది. ఆ పిల్లకు ఈత వచ్చు.)

ఆ తర్వాత అటక మీద పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా దిగివచ్చాయి. నాన్న తెచ్చిన ఆ అగ్గిపెట్టెలకు నేనెంతో రుణపడి ఉన్నాను. అవి రాకుంటే ఇంకెన్నాళ్లు పిడక చాటున దాక్కునేదాన్నో. ఇప్పుడు నరసరావుపేటలో నా కాపురం. గీసిన మొదటి పుల్లకే స్టవ్వు భగ్గుమంటుంది, పొగ లేదు, మసి లేదు, ఎవరి గుమ్మం తొక్కే పనీ లేదు. హాయిగానే ఉంది. కాకపోతే గోడ అవతల ఉండే ఆవిడను పలకరించడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. మొన్న ధైర్యం చేసి, ఇంట్లో ఉప్పు డబ్బా నిండా ఉండగానే, చిటికెడు ఉప్పు అడిగి వచ్చాను.