నాగరత్నం గారు కుట్టనన్న కమీజు

నాగరత్నం గారి గురించి ఈ పరదేశంలోని మా ఫ్లాట్ల బ్లాకుల్లో కొన్ని మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఆవిడ పూర్వం మంత్రసాని అని కొందరంటారు. ఆవిడ ఎన్నడూ కాన్పు చేయలేదు. జురాంగ్ ఈస్ట్‌లోని తమ ఫ్లాట్‌లో రవికెలు, కమీజులు కుట్టేవారు. చేయి పట్టుకుంటే చాలు, రక్తపోటు చెప్పేస్తారని మరికొందరు. అదీ నిజం కాదు. పుట్టింటికి బయల్దేరిన పిల్లను అడ్డగించి కన్నతల్లి హక్కు లాక్కున్నారని ఒక పెద్దావిడ నిందించారు. ఆవిడే లేకపోతే తల్లీ బిడ్డా దక్కేవారు కారనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆసుపత్రి వాళ్ళకు అది అన్యాయం చేస్తుంది. జరిగినదాన్ని ఆవిడా, సుధామణీ, సుధామణి భర్త ప్రేమ్ చెప్పగా విన్నాను. ముగ్గురి మాటా కలిసినంత మేరకే ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని కంపెనీలన్నీ కంగారు పడుతున్న రోజులవి. ప్రేమ్ సైన్స్ పార్క్‌లో ఆ పని మీదే ఉండేవాడు. సుధామణిది తణుకు. ఆమెకు అది రెండో గర్భం. మొదటిది ఆరో నెలలో, ప్రేమ్ ఆఫీసులో ఉండగా, తమ ఫ్లాట్‌లోనే పోయింది. అమ్మ పక్కనుంటే ఆ బిడ్డ నిలిచేదని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. ఈసారి ఏడో నెలలోనే పుట్టింటికి చేరాలని ప్రయాణం ఖాయం చేసుకుంది. తల్లి హైమావతి గారు తణుకులో గదికి సున్నం వేయించి ఎదురుచూస్తున్నారు. ఆవిడకు పాస్‌పోర్టు లేదు.

నాగరత్నం గారి తాతగారు తెల్లదొరల కాలంలో విశాఖ తీరం నుంచి ఇక్కడి రేవుకు పనికి వచ్చారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. భర్త రాఘవులు గారు పోయాక కుట్టుపనే తోడు. గర్భిణుల రవికెల్లో లోపల బట్ట ఎక్కువ వదిలి కుట్టేవారు, నెలలు నిండేకొద్దీ కుట్లు విప్పుకోవచ్చని. సుధామణి రవికెల చేతులు ఒకసారి విప్పి వదులు చేశారు. వారం తిరక్కుండా అవి మళ్ళీ బిగిశాయి.

"నా కొలతే తప్పిందేమోనమ్మా," అన్నారు.

"కొలత సరిగ్గానే ఉందాంటీ. ఇక రవికెలు వద్దు. ఒక కమీజు కుట్టిపెట్టండి," అంటూ సుధామణి నీలం బట్ట తీసింది. "చేతులు మణికట్టు దాకా రావాలి. పొడుగు పాదాల దాకా. బాగా వదులుగా."

"ఈ ఎండల్లో గోనెసంచీ తొడుక్కుంటావా? ఎవరికి కనబడకూడదని?"

"ఎయిర్‌పోర్టులో. ఎవరికీ."

"మీ ఆయనకు కూడానా?"

సుధామణి నీలం బట్ట మడతలు సర్దసాగింది. నాగరత్నం గారు కత్తెర పక్కన పెట్టి ఆమె పాదాల వంక చూశారు. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

గర్భిణులకు పాదాలు వాచడం మామూలే. ప్రమాదానికి అదొక్కటే రుజువు కాదు. అసలు రుజువు సుధామణి దగ్గరే ఉంది. రక్తపోటు పెరుగుతోందని, విమానం ఎక్కవద్దని, తలనొప్పి వస్తే వెంటనే రమ్మని డాక్టరు ఆమెకు స్పష్టంగా చెప్పారు. తలనొప్పి రెండు రోజులుగా ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సంగతంతా అప్పుడే బయటపడింది. చెప్పి, "కుట్టండాంటీ. అమ్మ దగ్గరికి పోతే అన్నీ సర్దుకుంటాయి," అని ఏడ్చింది.

"కుట్టను."

"మీరు టైలరా, డాక్టరా?"

"టైలర్నే. డాక్టర్నయితే ఈపాటికి నిన్ను మంచమెక్కించేదాన్ని. లే, టాక్సీ పిలుస్తాను. నేనూ వస్తాను. నువ్వు తిట్టుకున్నా సరే, వస్తాను లా," అన్నారు, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి.

ఆసుపత్రిలో నర్సు రక్తపోటు రెండుసార్లు చూసి, మూత్రం పరీక్షకు పంపి, డాక్టరును పిలిచింది. సుధామణిని అప్పుడే వార్డులో చేర్చుకున్నారు. ప్రేమ్ పరుగున వచ్చాడు. "నాకెందుకు చెప్పలేదు?" అని భార్యను పట్టుకొని నిలదీయబోయాడు.

"అది తరవాత అడుగుదువుగాని, బాబూ," అన్నారు నాగరత్నం గారు. "పొద్దుటినుంచి మకాన్, అదే తిండి, అయినట్టు లేదు నీకు. ముందు తిను. ఆ పిల్లకు ఇప్పుడు నీ ప్రశ్న కాదు, నువ్వు కావాలి."

తణుకుకు ఫోన్ చేసే ధైర్యం సుధామణికి లేదు. ఆమె అడగ్గా నాగరత్నం గారే చేశారు.

"మా అమ్మాయిని పంపొద్దనడానికి మీరెవరండీ?" అన్నారు హైమావతి గారు.

"ఎవర్నీ కానండీ. రవికెలు కుడతాను."

"కాన్పు పుట్టింట్లో జరగాలి. అది మా బాధ్యత."

"కాదనను వదినగారూ. కానీ దారిలో, ఆకాశం మధ్యలో, రక్తపోటు పెరిగి దానికి ఫిట్స్ వస్తే మీరూ ఉండరు, నేనూ ఉండను, డాక్టరూ ఉండడు." తరవాత సుధామణి దాచినదంతా చెప్పారు. ఏదీ తగ్గించలేదు, పెంచనూ లేదు.

"చారు తాగుతోందా?" అన్నారు హైమావతి గారు.

"డాక్టరమ్మ పెట్టొచ్చన్నారు. రేపు కాచి తీసుకెళ్తాను."

"మిరియాలు కాస్త ఎక్కువ వెయ్యండి. దానికి అలాగే ఇష్టం."

మర్నాడే ఆవిడ పాస్‌పోర్టు కోసం పరుగు మొదలుపెట్టారు.

తరవాతి పని ఆసుపత్రిది. రక్తపోటు తగ్గించే మందులు, ఫిట్స్ రాకుండా సెలైన్‌లో మందు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి ఇంజెక్షన్లు. నిలపగలిగినన్ని రోజులు నిలిపారు. మందులకు రక్తపోటు లొంగక, సుధామణికి చూపు మసకబారడం మొదలైన రోజున ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. అరచేతికి కాస్త ఎక్కువ. గాజుపెట్టెలో, ముక్కులో గొట్టంతో ఉంచారు. నాగరత్నం గారు ఆ వారాల్లో చారు తీసుకెళ్ళారు, సుధామణికి జడ వేశారు, ఆమె మాట్లాడితే విన్నారు, మాట్లాడకపోతే ఊరుకున్నారు.

హైమావతి గారు దిగేసరికి బిడ్డ ఇంకా పెట్టెలోనే ఉంది. సుధామణి తల్లిని చూసి, "నేనేం చేశానో తెలుసుగా అమ్మా," అంది.

"తెలుసు. అమ్మ కావాలనుకున్నావు. అంతేగా," అని కూతురి తల ఒడిలోకి తీసుకున్నారావిడ.

బిడ్డ పెట్టె లోంచి బయటికి వచ్చిన రోజున తొడిగిన మొదటి చొక్కా ఆ నీలం బట్టతో కుట్టిందే. పసిదాన్ని కదిలించకుండా తొడగడానికి వీలుగా ముందువైపు ముడులు పెట్టి కుట్టారు. మిగిలిన బట్టను నాగరత్నం గారు మడతపెట్టి హైమావతి గారికి ఇచ్చారు, పిల్ల పెరిగాక పనికొస్తుందని.

ఆవిడ రోగం కనిపెట్టలేదు. వైద్యం చేయలేదు. తల్లి స్థానం తీసుకోలేదు. సుధామణికి ముందే తెలిసిన నిజాన్ని దాచడానికి తన చేతిపని ఇవ్వనన్నారు. అలా అన్నాక ఆమెను ఒంటరిగా వదల్లేదు. నాగరత్నం గారు చేసింది ఈ రెండే.