అక్క మాత్రలు, నా సూదులు

హిందూపురంలో నా ఆక్యుపంక్చర్ గదికి వచ్చే వాళ్లందరికీ మొదట చెప్పేది ఒకటే మాట: వచ్చే రోజు నాలుక గీసుకోవద్దు, వక్కాకు వేసుకోవద్దు. ఒక్కరూ వినరు. డాక్టరు ముందు నోరు తెరవాలంటే దాన్ని తోమి, గీకి, తళతళలాడించుకుని రావడం మా వైపు మర్యాద. నేను నేర్చుకున్న చైనా వైద్యంలోనేమో నాలుక మీది పూత చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఆ పూతను పొద్దున్నే గీకి పారేసి, మిగిలినదాన్ని ఆకూవక్కతో ఎర్రగా పండించుకుని, నా ముందు గర్వంగా చాపుతారు. నాకు ఒళ్లు మండుతుంది. కోపానికి చోటు కాలేయం అంటుంది మా శాస్త్రం. అదే నిజమైతే నా కాలేయం ఈపాటికి కడవంత అయ్యుండాలి.

వీళ్లందరిలోకీ మొండిది మా అక్క. ధర్మవరంలో ఉంటుంది. బావ ఇంట్లోనే పట్టుచీరలు నేస్తాడు, అక్క మగ్గానికి దారం కండెలు చుట్టి ఇస్తుంది. రెండేళ్ల కిందట ఆమె మెల్లగా కండెలు చుట్టడం మానేసింది. తర్వాత వండడం మానేసింది, ఆ తర్వాత మాట్లాడడం. అసలు నోరుగల మనిషి, ఉన్నమాట ముఖం మీదే అనేసేది. అలాంటిది గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందక్కా అంటే "ఏం లేదు" అనేది. నిజంగానే చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదే.

బావ ఆమెను అనంతపురంలో మానసిక వైద్యుడికి చూపించాడు. ఆయన రాసిన మాత్రలతో రెండు నెలలకు అక్క లేచి కూర్చుంది, నాలుగు కండెలు చుట్టింది. అప్పుడు దిగాను నేను, సూదుల డబ్బాతో.

నేనుండేది పెనుకొండలో. ప్రతి గురువారం హిందూపురం గది మూసేసి, ప్యాసింజరు రైల్లో ధర్మవరం పోయేదాన్ని. అక్కను మంచం మీద పడుకోబెట్టి, నాడి చూసి, పాదం మీద బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఒక సూది, మణికట్టు లోపలి వైపు ఒకటి, నడినెత్తిన ఒకటి పెట్టేదాన్ని. ఒంట్లో ప్రాణశక్తి పారుతూ ఉండాలని, కాలేయం దగ్గర అది ఆగిపోతే మనసు మూసుకుంటుందని మా చదువు. సూదులు ఆ దారి తెరుస్తాయని నా నమ్మకం. ఆ అరగంటా అక్క కదలకుండా పడుకునేది, ఒక్కోసారి చిన్నగా గురక పెట్టేది.

మాత్రలు ఆపమని నేనెన్నడూ అనలేదు. అయితే ప్రతి వారం, "సూదులు పెట్టినప్పట్నుంచి నీ మొగం ఎంత కళగా ఉండాదో సూడక్కా" అనేదాన్ని. మాత్రల ఊసెత్తేదాన్ని కాదు. ఆమె పక్కనే కూర్చుని చుట్టాలకు ఫోన్లు చేసి, మా అక్కను నేను లేపానని చెప్పుకునేదాన్ని. అక్క అన్నీ వినేది.

నాలుక మాత్రం శుభ్రంగా గీసుకునే చూపించేది.

"వద్దని ఎన్నిసార్లు సెప్పల్లక్కా నీకు?"

"పాచి నోరు సూపించేదెట్లనే, సిగ్గులేకుండా."

ఒక గురువారం అక్క చాపిన నాలుక మీద దళసరి తెల్లపూత ఉంది. అంచుల్లో పళ్ల గుర్తులు కూడా, అచ్చం పుస్తకంలో చదివినట్టే. ఒంట్లో తేమ చేరిందని దానర్థం. చినుకు కోసం మొగులు చూసే మా సీమలో తేమ దొరికింది మా అక్క నాలుక మీదేనని నవ్వుకుంటూ, నోటుబుక్కులో బొమ్మ వేసి వివరంగా రాసుకున్నాను. ఇన్నాళ్లకు నా మాట విన్నదని మురిసిపోయి, మోకాలి కింద ఇంకో రెండు సూదులు చేర్చాను.

బయల్దేరుతుంటే బావ మగ్గం గుంటలోంచి తలెత్తి పిలిచాడు.

"పాపా, మీ అక్క మొగం కడుక్కోని నాలుగు దినాలాయ. నువ్వు సంతోషంగా ఉండావు, సెప్పేకి నాకు నోరు రాలేదు."

మళ్లీ లోపలికి వెళ్లి చూశాను. జుట్టు చిక్కులు కట్టి ఉంది. ఒంటి మీద పోయిన గురువారం కట్టుకున్న చీరే. ఇంతసేపూ ఆ మంచం పక్కనే కూర్చుని నేను చూసింది నాలుక ఒక్కటే. బీరువా తెరిస్తే మూడు వారాల మాత్రలు అట్టల్లో అలాగే ఉన్నాయి. ఎందుకు మానేశావని అడిగితే అక్క గోడవైపు తిరిగింది.

మరుసటి రోజే ఆమెను అనంతపురం తీసుకుపోయాం. డాక్టరు కూడా అదే అడిగాడు. అక్క నేల చూస్తూ చెప్పింది.

"మా సెల్లెలు అంత దూరం నుంచి వచ్చి సూదులు పెడతాండాది సార్. నేను మాత్రలు మింగితే పేరు మాత్రలకు పోతాది కదా."

డాక్టరు నావైపు చూశాడు. ఆ చెల్లెల్ని నేనేనని చెప్పాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేచి మొహం కడుక్కునే ఓపిక లేని మనిషి నా పేరు కోసం ఆలోచించింది. ఆయన నన్ను తిట్టలేదు. సూదులు పెట్టుకుంటే పెట్టుకోండి, తనకు చెప్పకుండా మాత్రలు మాత్రం ఆపొద్దన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. "నా పేరు నీకెందుకక్కా? నాకు నువ్వు గావల్ల" అన్నాను. అక్క నా భుజం మీద తల పెట్టుకుని ధర్మవరం దాకా నిద్రపోయింది.

కొన్నాళ్లు అక్క దగ్గర సూదుల డబ్బా తెరవలేదు. రోజూ పొద్దున ఫోన్ చేసి "మింగినావా?" అని అడిగేదాన్ని, అక్క "ఊ" అనేది. ఆ "ఊ" కాస్తా "మింగినా" అయ్యేసరికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత తనే పిలిచింది, గురువారం రాకపోతే తోచడం లేదని.

మొన్న సూదులు పెట్టి ఉండగా పక్కింటామె వచ్చి గడప మీద కూర్చుంది.

"బాగైనావు గదక్కా. మా అత్త కూడా అట్లే పండుకోని ఉండాది, మాట్లాడదు. నీకు దేనికి నయమాయ? ఆ మాత్రలకా, ఈ సూదులకా?"

దూది పట్టుకుని నేను అక్క మొహమే చూస్తున్నాను. అబద్ధమెందుకు, ఇంత జరిగినా ఆ ఒక్క క్షణం అక్క సూదులనే అనాలనిపించింది. నెత్తిన సూది ఉంది కాబట్టి అక్క తల తిప్పకుండానే మాట్లాడింది.

"మాత్రలకేమ్మా. అనంతపురం పిల్సుకోనిపో మీ అత్తను, ఆలస్యం సేయొద్దు. సూదులు గుచ్చితే ఒళ్లు తేలిగ్గా ఉంటాది, ఒక కునుకు పడతాది, అంతే. వద్దంటే ఇది ఏడుస్తాదని పండుకుంటాండా."

పక్కింటామె పడీపడీ నవ్వింది. మగ్గం దగ్గర బావ కూడా నవ్వాడు. నాకు మొదట ఉడుకుమోత్తనం వచ్చింది, దాని వెనకే కళ్లనీళ్లు వచ్చాయి. నేను చిన్నబోతానని మందే మానేసిన మనిషి, ఇప్పుడు నా ఎదుటే, పరాయివాళ్ల ముందు, నా పరువు తీసి పారేసింది. ఒక్కొక్క సూదీ తీస్తూ, మా నోరుగల అక్క మళ్లీ మాకు దక్కిందనుకున్నాను.