రంపపు పొట్టులో రెండో వేలు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాళ్లలో నేను ముందుండేదాన్ని. పదహారేళ్లుగా ములకలపల్లి మండలంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. అడవి అంచు ఊళ్లలో పిల్లకు జ్వరం వస్తే గాలి సోకిందంటారు. నేను వేలికి సూది పొడిచి మలేరియా పరీక్ష చేసి మాత్రలిచ్చేదాన్ని. మూడో రోజుకు ఆ గాలి దిగిపోయేది.

అసహ్యం కూడా నాకు తెలియదు. పురుగులు పట్టిన పుండు కడిగి, సబ్బుతో చేతులు రుద్దుకుని, ఆ అరుగు మీదే కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. మా ఆడబిడ్డ సుజాత "నీకు ముక్కు లేదు వదినా" అనేది.

ఈ రెండూ ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివాక నన్ను పిరికిదనో, సున్నితమైనదనో అనుకోకూడదని.

మా ఆయన ఉపేందర్ బొగ్గు గనిలో ఫిట్టరు. కట్టెపని అంటే ఆయనకు పిచ్చి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, సెలవు రోజు పొద్దున్నే అందులో దూరితే అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. మా ఇంట్లో పీటలు, మంచం, నా కుట్టుమిషన్ బల్ల అన్నీ ఆయన చేసినవే.

గనిలో ఆయన చాలా జాగ్రత్త మనిషి. హెల్మెట్ లేకుండా, బూట్లు లేకుండా ఒక్క అడుగు వేయడు. కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్తలు చెప్పేదీ ఆయనే. ఇంటికొచ్చాక లుంగీ, రబ్బరు చెప్పులు, మెడలో తువ్వాలు. తిరిగే మిషన్ ముందు మెడలో గుడ్డ వేలాడుతుంటే నాకు ఒళ్లు జలదరించేది.

ఆయన దగ్గర చేతి గ్రైండరు ఒకటి ఉండేది. ఇనుము కోయడానికి, టైల్స్ కోయడానికి వాడేది. దానికి పళ్లున్న కట్టె బ్లేడు బిగించాడు. ఆ బ్లేడు పట్టాలంటే చేతికి తగలకుండా పైన కప్పి ఉండే గార్డు తీసెయ్యాలి. తీసేశాడు. నేను కొన్నాళ్లు చర్ల వైపు డెప్యుటేషన్ మీద ఉన్నప్పుడు, మంచాలు చేసే ఒకాయనకు ఇట్లాంటి దానితోనే మూడు వేళ్లు పోతే కట్టు కట్టింది నేనే. ఆ సంగతి ఎన్నిసార్లో చెప్పాను.

"బొగ్గుబాయిల ఇరవై ఏండ్లు చేసిన. ఇంత చిన్న మిషన్‌కు భయపడతనా?" అనేవాడు.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు మేకు కొడుతూ ఎడమ చూపుడు వేలి గోరు మీద సుత్తి దెబ్బ వేసుకున్నాడు. గోరు కింద రక్తం గడ్డకట్టి చింతగింజంత నల్లమచ్చ పడింది. ఒక పక్క గోరు కొంచెం చీలింది కూడా. ఆ చీలిక గుడ్డలకు తగులుకోకుండా నేనే కత్తిరించాను. కాబట్టి ఆ గోరు ఎట్లా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆదివారం పదకొండింటికి నేను వంటింట్లో ఉన్నాను. మిషన్ చప్పుడు ఒక్కసారి గొంతు నొక్కినట్టు ఆగి, మళ్లీ ఖాళీగా తిరిగింది. తర్వాత ఆయన కేక. పరుగెత్తాను. పాత టేకు చెక్కలో విరిగిన మేకు ఒకటి లోపలే ఉండిపోయిందట. బ్లేడు దానికి తగిలి మిషన్ ఎగిరింది. చెక్కను పట్టుకున్న ఎడమ చెయ్యి మీద పడింది. చూపుడు వేలు గోటి మొదలు దగ్గర తెగిపోయింది. గోరు మొత్తం పోయింది. మిగతా వేళ్లకు గీత కూడా పడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను ఆ చేతిని నీళ్ల కింద పెట్టి ఒక్కొక్క వేలూ చూశాను.

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకొమ్మన్నాను. పక్కింటి ఆటో కాశిం అన్నను పిలిచాను. తెగిన ముక్క కోసం పొట్టులో వెతికాను. బల్ల కాలి దగ్గర దొరికింది. ఇంకా వెచ్చగా ఉంది. నల్లమచ్చ, నేను కత్తిరించిన చీలిక, రెండూ ఉన్నాయి. సెలైన్‌తో కడిగి, తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసి, ఆ కవర్ను ఐసు ముక్కలున్న టిఫిన్ డబ్బాలో పెట్టాను. తెగిన వేలును నేరుగా ఐసులో వేయకూడదు, చచ్చిపోతుంది. షెడ్డు తలుపు లాగి తాళం వేశాను. తాళంచెవి నా పర్సులోనే ఉంది.

కొత్తగూడెంలో కట్టు మార్పించి, కారు మాట్లాడుకుని ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. సర్జన్ ముక్కను చూసి, కుట్టే ముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. "ఇంత చిన్న ముక్కకు రక్తనాళాలు కలపడం కుదరదమ్మా. ఉన్నది ఉన్నట్టు కుట్టేస్తాను. పట్టొచ్చు, పట్టకపోవచ్చు" అన్నాడు. సాయంత్రానికి కుట్టేశాడు. నేను దగ్గరుండి చూశాను.

మర్నాడు కాశిం అన్నను ఆయన దగ్గర కూర్చోబెట్టి, బట్టల కోసం నేను ఇంటికొచ్చాను. సుజాత తోడు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఎండకు రేకులు కాలుతున్నాయి. తాళం తీయగానే వాసన కొట్టింది. రక్తం, టేకు పొట్టు కలిసి ఉడికిన వాసన. పొట్టు ముద్దలు ముద్దలుగా గడ్డకట్టి ఉంది. దాని మీద ఈగలు. ఆయన చూడకముందే శుభ్రం చేద్దామని చీపురు తీసుకున్నాను.

కిటికీ కిందున్న పొట్టు కుప్పలోకి ఎర్రచీమలు బారుగా పోతున్నాయి. చీపురుతో పొట్టు పక్కకు నెట్టాను. చీమలు దేన్నో కప్పేసి ఉన్నాయి. బెల్లం ముక్క అనుకున్నాను. చీపురు పుల్లతో దొర్లించాను.

వేలి కొన. గోరుతో సహా.

నా వెనక నుంచి సుజాత వంగి చూసింది. "వదినా, గిది అన్న ఏలు కాదా?"

"మీ అన్నది నిన్ననే కుట్టిన్రు కదా" అన్నాను.

"మరి గిదేంది?"

నేను చీమలను దులిపాను. గోరు కింద చింతగింజంత నల్లమచ్చ. పక్కన కత్తిరించిన చీలిక. తెగిన చోట మాంసంలో పొట్టు దిగి, చీమలు తొలిచిన చోట చిన్న చిన్న గుంటలు. ఒక చీమ గోరు అంచు కింద నుంచి బయటికొచ్చింది. బయటికి పోయి గోడ పట్టుకుని కక్కాను. పదహారేళ్లలో మొదటిసారి.

నోరు కడుక్కుని కాశిం అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఆయన వేలు ఉందా?"

"గదేం మాట చెల్లె? ఉండక యాడికి పోతది? పొద్దుగాల డాక్టరు కట్టు ఇప్పి చూసి, మంచిగున్నదని మళ్ల కట్టిండు. నేను కండ్లార చూసిన."

ఎవరైనా తెచ్చి వేశారా అంటే, తాళం నా దగ్గర ఉంది. కిటికీకి ఇనుప జాలీ. ఇంకొకరి వేలా అంటే, ఊళ్లో ఎవరికీ వేలు పోలేదు, పోతే మొదట నా దగ్గరికే వస్తారు. అదే వేలు రెండుగా తెగిందా అంటే, ఒక వేలికి ఒకే గోరు ఉంటుంది. సుజాత చూడకపోతే నా కళ్లనే అనుమానించేదాన్ని. ఆమె షెడ్డు గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తూ ఉంది.

దాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. పాతిపెట్టడానికీ రాలేదు. మళ్లీ సెలైన్, గాజుగుడ్డ, కవరు. ముందురోజు చేసినవే, కానీ ముందురోజు నాకు అసహ్యం వేయలేదు. అది నా మనిషి ముక్క అనుకున్నాను కదా. ఇప్పుడు చేతికి తొడుగు వేసుకున్నా ఆ మెత్తదనం వేళ్లకు అంటుకుంటూనే ఉంది.

తిరిగి ఖమ్మం పోయి, సర్జన్ గదిలో తలుపు వేయించి బల్ల మీద విప్పాను. ఆయన మొదట చిరాకుపడ్డాడు. తర్వాత ఫోన్ తీసి ఫొటో పక్కన పెట్టి చూశాడు. పెద్దది చేసి చూశాడు.

"దెబ్బ తగిలింది ఒక్కరికేనా?"

"ఒక్కరికే సార్."

"ఒక్క వేలే కదా నేను కుట్టింది?"

"మీరే కదా సార్ కుట్టింది."

పరీక్షకు పంపుదామా అని అడిగాను. పంపితే పోలీసులు వస్తారు, ఎవరి వేలు అని అడుగుతారు, ఏం చెబుదాం అన్నాడు. "దీన్ని రాయడానికి నా దగ్గర కాగితం లేదమ్మా" అని, తనే తీసి దవాఖాన చెత్త వేసే పసుపు సంచిలో వేసి ముడేశాడు. తర్వాత చేతులు కడుక్కున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

కుట్టిన ముక్క మొదట నల్లబడి పొలుసులా గట్టిపడింది. రోజూ కట్టు మార్చేది నేనే. ఊపిరి బిగబట్టి మార్చేదాన్ని. నెల దాటాక ఆ పొలుసు ఊడి కింద గులాబీ రంగు చర్మం వచ్చింది. గోరు కూడా మెల్లగా మొలిచింది. సర్జన్ చాలా బాగా పట్టిందన్నాడు. అంటూ నా ముఖం మాత్రం చూడలేదు.

ఆయన ఆ వేలితో అన్నీ చేస్తున్నాడు. టీ గ్లాసు పట్టుకుంటాడు. కాయగూరలు పట్టుకుని తరుగుతాడు. నాకు ఆ కూర దిగదు. పొరపాటున ఆ వేలు భుజానికి తగిలితే, పోయి సబ్బు పెట్టి కడుక్కునేదాన్ని. ఒకరోజు ఆయన అది చూశాడు.

"ఏందే, నన్ను చూస్తే రోత పుడుతున్నదా?"

అప్పుడు మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లేచి సుజాతకు ఫోన్ చేసి అడిగాడు. ఆమె అవునన్నది. ఆయన ఆ వేలును వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. పంటి కింద పెట్టి కొరికాడు.

"నొప్పి నాకే పెడుతున్నది. గట్లయితే నాదే" అన్నాడు.

ఆ తర్వాత ఆయన గ్రైండరు నుంచి ఆ బ్లేడు తీసి విరగ్గొట్టాడు. ఇప్పుడు గార్డున్న కటింగ్ మిషనే వాడతాడు. చెక్కను బిగించి కోస్తాడు, దగ్గరికి పోయేచోట చెయ్యి పెట్టకుండా కర్రతో నెడతాడు. పాత చెక్క అయితే మేకులున్నాయేమో ముందు అయస్కాంతం తిప్పి చూస్తాడు. లుంగీ లేదు, తువ్వాలు లేదు, కళ్లద్దాలున్నాయి. ఊళ్లకు పోయినప్పుడు కట్టెపని చేసేవాళ్లు కనపడితే నేనూ ఇవన్నీ చెబుతాను. రెండో వేలి సంగతి మాత్రం చెప్పను.

సుజాత మా ఇంటికి వస్తుంది గానీ షెడ్డు వైపు పోదు. ఆయనా నేనూ ఒకే మంచం మీద పడుకుంటున్నాం. నేను ఆయన కుడి చేతి వైపుకు మారాను.

ఎంత ఆలోచించినా నాకు లెక్క కుదరలేదు. వేలు ఒక్కటే తెగింది. నల్లమచ్చ ఉన్న కొనలు రెండు దొరికాయి. రెండింటిలో ఒకటే ఆయనది అయ్యుండాలి. నేను బల్ల కాలి దగ్గర ముందు కనపడినదాన్ని ఏరి, తీసుకుపోయి, కుట్టించుకొచ్చాను. అది ఆయనదో కాదో నాకు తెలియదు.