గొంతు దొంగ

పాతికేళ్లు కాపురం చేసిన మొగుడు వదిలేసి పోతే మావిస్ ఒక్క కన్నీటి చుక్క కార్చలేదు. పోతే పోయాడు, పీడ వదిలింది అనుకుంది. ఇల్లు మిగిలింది, కోళ్లు మిగిలాయి, స్కూలు బస్సుల ఆఫీసులో ఉద్యోగం మిగిలింది. ట్రాస్క్ అనే ఇంటిపేరును మాత్రం విడాకులనాడే కోర్టు మెట్ల మీద వదిలేసి వచ్చింది. కానీ అదే మొగుడు తన గొంతు తీసుకెళ్లి రెండో పెళ్లాం నోట్లో పెట్టాడని తెలిసిన రోజున ఆమె ఒంట్లో నెత్తురు సలసలా మరిగింది. అది చల్లారడానికి రెండేళ్ల పైనే పట్టింది. ఎలా చల్లారిందో చెప్పాలంటే ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి.

మావిస్ పని కొండదారుల్లో తిరిగే స్కూలు బస్సుల డ్రైవర్లతో రేడియోలో మాట్లాడటం. మంచు పడి రోడ్డు గాజులా తయారైన పొద్దున, పిల్లలతో నిండిన బస్సు వంతెన మీద జారుతుంటే, డ్రైవరు గుండెలు బాదుకుంటుంటే, ఈవిడ మాత్రం కాఫీలో చక్కెర ఎంత వేయమంటావని అడిగినంత మామూలుగా "బ్రేకు వదులు. స్టీరింగు తిన్నగా పట్టుకో. ఊఁ, అంతే" అనేది. ఆ మాట వింటే చేతుల వణుకు ఆగిపోయేదని డ్రైవర్లు చెప్పుకునేవారు.

మొగుడు గార్నర్ ట్రాస్క్‌ది వేరే పిచ్చి. వాళ్ల ఊరు ఆల్డర్ బెండ్‌లో సగం మంది తమ షెడ్లలో సొంత విమానాలు కట్టుకునేవాళ్లే. రేకు కోసి, రివెట్లు కొట్టి, ఏళ్ల తరబడి పెళ్లాల చేత తిట్లు తిని విమానం నిలబెట్టేవారు. తీరా లోపల పెట్టాల్సిన మీటర్ల దగ్గరికొచ్చేసరికి ప్రాణం పోయేది. కంపెనీ విమానాల్లో పెట్టే ఎలక్ట్రానిక్ తెర కొనాలంటే షెడ్డు, విమానం రెండూ అమ్ముకోవాలి. సొంతంగా కట్టుకున్న విమానానికి సర్కారు అంత ఖరీదైన ఆమోద ముద్రలేవీ అడగదు గదా, మనమే చవగ్గా ఎందుకు చేయకూడదన్నాడు గార్నర్. ఆ మాట అన్నది ఆయనే, కాదనకూడదు. గ్యారేజీలో కూర్చుని వైర్లు అతికింది మాత్రం ఇద్దరూ.

అలా పుట్టింది ట్రాస్క్ పెట్టె. స్కూలు పలకంత తెర. వేగం, ఎత్తు, దారి, ఇంజను వేడి అన్నీ అందులోనే కనిపిస్తాయి. ప్రాణం మీదికొచ్చినప్పుడు తెర చూసే తీరిక ఎవడికుంటుంది, చెవిలో ఒక మనిషి చెప్పాలి గానీ అన్నది మావిస్. అంటే అనడం కాదు, వాన హోరు వినపడకుండా చలికోట్ల బీరువాలో దూరి, మైకు పట్టుకుని తనే చెప్పింది. "వేగం తగ్గుతోంది. ముక్కు దించు." "నూనె వేడెక్కుతోంది." ఇలాంటివే, పొడి మాటలు.

ఆ పెట్టెలు వేలల్లో అమ్ముడుపోయాయి. ఆ గొంతు ఎవరిదో తెలియకపోయినా పైలట్లు దానికి పిన్ని అని పేరు పెట్టారు. "పిన్ని తిట్టింది, బతికిపోయాను" అని ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతూనే ఉండేవారు. మావిస్‌కి లోపల్లోపల ఎంత గర్వమో! పైకి మాత్రం, "వినే బుద్ధి ఉంటే బతుకుతారు మరి" అని ఊరుకునేది.

విడాకులయ్యాక గార్నర్ తన దుకాణంలో అమ్మకాలు చూసే షెరిల్‌ని పెళ్లి చేసుకున్నాడు. దానికీ మావిస్ ఏమీ అనలేదు. ఆ ఏడు వేసవిలో ఓడెల్ వచ్చి ఆ కబురు చెప్పేదాకా.

ఓడెల్ చెర్రీ తోటల ముసలాయన. రెండు సీట్ల ఎర్ర విమానం ఒకటి మొదలుపెట్టి ఎన్నేళ్లైందో ఆయనకే గుర్తులేదు. విమానం పూర్తయ్యేలోపు ముసలాయన పూర్తవుతాడని ఊళ్లో వేళాకోళం. ఆ విమానానికి వైరింగు చేసిపెడుతున్నది మావిసే. ఆ రోజు కూడా సీటు కింద తల దూర్చి పనిలో ఉంది.

"అమ్మాయ్, ఆ సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టు. ఒక మాట చెబుతాను" అన్నాడు ఓడెల్.

"చెప్పు ముసలాయనా, చేతులతో వింటానా ఏంటి?"

"పెట్టు ముందు. కాలుతుంది." ఆమె పెట్టాక గొంతు సవరించుకున్నాడు. "విమానాల పెద్ద జాతరకి వెళ్లొచ్చాను గదా. అక్కడ గార్నర్ డేరా ముందు జనమే జనం. స్టేజీ మీద షెరిల్ నిలబడింది. పిన్ని గొంతు ఈవిడదే అని మైకులో చెప్పాడు వాడు. కుర్రాళ్లంతా వరసకట్టి టోపీల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు."

మావిస్ సీటు కింద నుంచి తల బయటికి తీసింది. "ఆవిడేమంది?" అని అడిగింది.

"ఏమంటుంది? నవ్వుతూ సంతకాలు పెట్టింది."

అంతే. ఒళ్లు భగ్గుమంది మావిస్‌కి. మొగుణ్ణి తీసుకుపోయావు, తీసుకుపో, వాడికి నేనేమీ కాపలా లేను. నా గొంతు కూడానా? పిల్లల బస్సుల్ని ఒడ్డున పడేసిన గొంతు, వానలో కోట్ల మధ్య ఊపిరాడక చెమటలు కక్కుతూ చెప్పిన మాటలు! అన్నం మెతుకు సహించలేదంటారే, అలా అయిపోయింది ఆమె పని. వాడి నోటితోనే నిజం కక్కించకపోతే నా పేరు మావిసే కాదనుకుంది.

ఏడాది తిరిగింది. ఒక చలికాలం పొద్దున, కోళ్లకు మేత వేస్తుంటే గేటు దగ్గర గార్నర్ ట్రక్కు ఆగింది. చేతిలో డోనట్ల డబ్బా. బేరానికొచ్చాడని మావిస్‌కి అప్పుడే అర్థమైపోయింది.

"బాగున్నావా మావిస్? కోళ్లు బాగున్నాయే."

"బాగుండవా మరి! గుడ్డు పెట్టిన కోడే అరుస్తుంది ఇక్కడ. పక్క కోడి వచ్చి నాదే అనదు."

గార్నర్ ఆ చురక వినపడనట్టు నటించాడు. కొత్త పెట్టె చేస్తున్నాడట. దాంతోపాటు చవక రేడియో కూడా. కొత్త హెచ్చరికలు కావాలట. ముందు కొండ ఉంది, ఎడమ ట్యాంకు ఖాళీ అవుతోంది, పక్కన ఇంకో విమానం ఉంది, ఇలాంటివి. షెరిల్ చేత చెప్పించి కొందరికి ఇచ్చి చూస్తే పెట్టెలన్నీ తిరిగొచ్చేశాయట.

"ఏమన్నారేంటి?" అంది మావిస్, తెలియనట్టు.

"షెరిల్‌కి జలుబు చేసిందా అని అడిగారు."

మావిస్ పగలబడి నవ్వింది. కోళ్లు బెదిరి పక్కకు పోయాయి. "అయితే మిరియాల కషాయం పట్టించు. ఆవిడ గొంతే గదా!"

"ఏదో నోరు జారింది మావిస్. జనం అడిగారు, ఆవిడ పక్కనే నిలబడి ఉంది. అమ్మకాల్లో ఇవన్నీ మామూలే."

"జారిన నోరు ఏడాదిగా జారుతూనే ఉందా?"

"ఎంత కావాలో చెప్పు. ఇస్తాను."

"నీ డబ్బు నీ దగ్గరే ఏడవనీ. జనం ముందు నిలబడి, ఇది మావిస్ గొంతు అని ఒక్కసారి చెప్పు. సాయంత్రానికల్లా నీ మాటలన్నీ చెప్పేస్తాను."

గార్నర్ డోనట్ల డబ్బా గేటు స్తంభం మీద పెట్టాడు. "షెరిల్ తల ఎక్కడ పెట్టుకుంటుంది చెప్పు?"

"నా తల ఎక్కడ పెట్టుకున్నానో అడిగావా ఏనాడైనా? పో ఇక్కణ్ణుంచి!"

వాడు పోయాక డోనట్లు తీసి కోళ్లకు వేసింది. అవి కూడా ఒకటి పొడిచి వదిలేశాయి.

ఆ మాట విని ఓడెల్ నవ్వాడు గానీ, నవ్వు అయ్యాక దిగులుగా కూర్చున్నాడు. "వాడి మీద కోపం సరే అమ్మాయ్. కొత్త పెట్టెలో నువ్వు లేకపోతే ఎలా? ఇంకెవరో ముక్కు దించమంటే నేను ఎందుకు అని ఆలోచిస్తాను. నువ్వంటే ఆలోచించను, దించేస్తాను. ఆ ఆలోచించే లోపు చస్తాను కూడా."

ఆ మాట మావిస్‌కి ముల్లులా గుచ్చుకుంది. వాడి పాపానికి ఈ పిచ్చివాళ్లెందుకు చావాలి? చలికాలమంతా కోట్ల బీరువాలో కూర్చుని పాత మాటలూ కొత్త మాటలూ అన్నీ మళ్లీ చెప్పింది. ఎవరి కోసం చెబుతున్నావని ఓడెల్ అడిగితే, "ఆగు, చూద్దువు గాని" అంది. వసంతంలో ఎర్ర విమానం ఎగిరింది. కొత్త విమానం పరీక్ష కోసం ఎగరాల్సిన గంటలు పూర్తయ్యేదాకా పక్క సీట్లో ఎవరినీ ఎక్కించుకోకూడదు. మావిస్ పళ్ల బిగువున ఓపిక పట్టింది.

ఆ వేసవిలో ఆల్డర్ బెండ్ మైదానంలోనే విమానాల సంబరం పెట్టారు. గడ్డి రన్‌వే పక్కన గార్నర్ పెద్ద డేరా వేశాడు. ఆ మైదానానికి కంట్రోల్ టవరు లాంటిదేమీ లేదు. వచ్చే వాళ్లు, పోయే వాళ్లు ఎక్కడున్నామో రేడియోలో చెప్పుకుంటారు, అందరూ అందరి మాటా వింటారు. తన చవక రేడియోలో ఆ మాటలు ఎంత స్పష్టంగా వినపడతాయో చూపించాలని గార్నర్ దాన్ని డేరా ముందున్న పెద్ద లౌడ్‌స్పీకర్లకు కలిపాడు. పక్కనే షెరిల్, చేతిలో సంతకాల పెన్ను.

ఇదంతా మావిస్ పొద్దున్నే మైదానంలో పాన్‌కేకులు తింటూ కళ్లారా చూసింది. పళ్లెం కడిగి పెట్టి, ఓడెల్‌తో విమానం ఎక్కింది.

లోయ మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి వస్తుంటే ఓడెల్ ఆమె వైపు చూశాడు. "బటన్ నేను నొక్కుతాను. మాట నీది. వంకర మాటలు వద్దు సుమా, ఇది రేడియో."

"బస్సుల రేడియోలో ఇన్నేళ్లలో ఒక్క వంకర మాట అన్నానా నేను?" అంది మావిస్.

బటన్ నొక్కాడు.

"ఆల్డర్ బెండ్ విమానాలకు. ఎర్ర రెండు సీట్ల విమానం. పడమటి నుంచి వస్తున్నాం. దిగబోతున్నాం."

రేడియోలో గోల మొదలైంది. ఎవడో కుర్ర పైలట్ అదిరిపోయి, "అయ్య బాబోయ్! నేను ముక్కు దించేశాను! ఎవరండీ అది?" అన్నాడు. ఇంకో గొంతు, "పిన్నే! నిజం పిన్ని!" అంది. ఓడెల్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుని విమానం దించాడు.

డేరా ముందుకు వచ్చి ఇంజను ఆపేసరికి జనమంతా అటు పరుగెత్తుకొచ్చారు. మావిస్ రెక్క మీద నుంచి దిగింది. ముందున్న ఒకతను, నెత్తిన షెరిల్ సంతకం ఉన్న టోపీ, "అమ్మా, ఒక్కసారి మాట్లాడండి" అన్నాడు.

"ఏం మాట్లాడమంటావు నాయనా? పొద్దున్న టిఫిన్ తిన్నావా?"

వాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అందరూ ఒకేసారి గార్నర్ వైపు తిరిగారు. షెరిల్ పెన్ను మూత పెట్టి, బల్ల మీద ఉంచి, చేతులు కట్టుకుంది.

"చెప్పు గార్నర్" అంది మావిస్. "ఎవరిది?"

వాడు చేతిలో మైకు బల్ల మీద పెట్టేశాడు. "మావిస్‌ది" అన్నాడు.

"మైకులో చెప్పు. నన్ను కాదన్నది మైకులోనే గదా!"

చెప్పాడు. లౌడ్‌స్పీకర్లలో మైదానమంతా వినపడింది. తర్వాత ఆమె దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "నువ్వడిగింది అయిపోయింది. ఇక రికార్డు చేస్తావు గదా?" అన్నాడు.

అడిగినప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. గేటు దగ్గర డోనట్లతో నిలబడ్డ రోజు చెప్పి ఉంటే నిజంగానే సరిపోయేది. ఇప్పుడు బలవంతాన, పదిమందీ మెడ మీద కూర్చుంటే చెప్పాడు. మావిస్‌కి అది చాలలేదు. చాలదని పైకే అంది కూడా. జనం వైపు తిరిగి మైకు అందుకుంది.

"మాటలన్నీ రికార్డు చేసేశాను, కొత్తవీ పాతవీ. ఇలాంటి పెట్టెలు చేసేవాళ్లు ఎవరైనా తీసుకోండి, ఊరికే. ఒక్కటే షరతు. పెట్టె వేయగానే మొదట వచ్చే మాట తీసేయకూడదు. తీసేస్తే నా గొంతు నాకు తిరిగిచ్చేయాలి."

వెనక వరసలో ఎవరో బక్కపలచటి మనిషి, తనూ పెట్టెలు చేసేవాడేనట, చెయ్యెత్తి "నాకు కావాలమ్మా!" అని అరిచాడు. ఆ పక్కన ఇంకొకడు. పిన్ని ఒక్క ట్రాస్క్ పెట్టెలోనే ఉంటుందన్నదే గార్నర్ వ్యాపారమంతా.

ఎన్నాళ్లు బిగదీసుకుంటాడు? పాత పెట్టెలు కొన్నవాళ్లంతా ఫోన్లు చేసి కొత్త పెట్టెలో పిన్నిని ఎప్పుడు పెడతావని వాయించేశారు. చలికాలం రాకముందే షరతుతో సహా పెట్టాడు.

మరుసటి వసంతంలో ఒక శనివారం, మైదానంలో పాన్‌కేకులు తింటూ మావిస్ అటు చూసింది. గార్నర్, షెరిల్ తమ విమానం ఎక్కి కూర్చున్నారు. అద్దంలోంచి ఇద్దరూ బాగానే కనిపిస్తున్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. గార్నర్ చెయ్యి స్విచ్ మీదికి వెళ్లి, కాసేపు అక్కడే ఆగి, చివరికి నొక్కింది. షెరిల్ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

ఏం వినపడిందో మావిస్‌కి తెలుసు. కోట్ల బీరువాలో కూర్చుని తనే ఎన్నోసార్లు చెప్పి చూసుకున్న మాట. "నేను మావిస్‌ని. నీ వెంటే ఉంటాను."

విమానం కదిలిపోయింది. మావిస్ కడుపు చల్లగా ఉంది. ఇంకో పాన్‌కేకు వడ్డించమని పళ్లెం ముందుకు చాపింది.