బుగ్గల మీద నీలం

నలభై ఆరేళ్ళు వచ్చి, చెవుల పక్కన జుట్టు నెరిసినా ఆ పిల్లల పత్రిక ఆఫీసులో ఆమెను అందరూ చిన్నమ్మాయి అనే పిలిచేవారు. ఆమె అక్క కూడా అక్కడే పనిచేసేది మరి. అక్క ఉన్నచోట ఆమె ఎప్పటికీ చిన్నదే.

ప్రెస్సు పై అంతస్తులో రెండు గదులు. చిత్రకారుడు పెన్సిల్‌తో గీసి పంపిన బొమ్మల మీద సిరా మామయ్య నల్ల సిరాతో గీతలు దిద్దేవాడు. సిరా ఆరాక పెన్సిల్ చెరిపి, రబ్బరు పొట్టు దులిపి, పెద్ద కిటికీ పక్కన ఉన్న అక్క బల్ల మీద పెట్టేవాడు. అక్క రంగులు వేసేది. ఆ తరవాత కాగితం కిటికీ లేని గదిలోకి, చిన్నమ్మాయి దగ్గరికి వచ్చేది. స్కానర్ అద్దం తుడిచి, కాగితం బోర్లా పెట్టి, పెద్ద బొమ్మయితే సగం సగంగా తీసి కంప్యూటర్ తెర మీద అతికించి, దుమ్ముచుక్కలన్నీ ఒక్కొక్కటే ఏరేసి ఆమె కింద ప్రెస్సుకి పంపేది.

ఆమె కోరుకున్నది ఈ పని కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక అట్టబొమ్మకి రంగులు వేసి, సంపాదకుడిగారికి చూపిద్దామని తెచ్చుకుంది. వాన వెలిశాక ఇద్దరు పిల్లలు కాగితప్పడవ వదులుతున్న బొమ్మ. అది ఆయన దాకా పోకముందే అక్క ఆమె చేతిలోంచి లాక్కుని ఆఫీసంతా తిప్పింది.

"చూశారా, మా చెల్లెలు పిల్లల్ని వెయ్యమంటే ఉడకబెట్టిన బంగాళాదుంపల్ని వేసింది!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "దీనికి చెయ్యి కుదురు లేదండీ, మిషన్ దగ్గర కూర్చోబెట్టండి" అని చెప్పిందీ అక్కే. చిన్నతనంలో గీత దాటి రంగు పోతే కుంచె వెనక్కి తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఆ దెబ్బల్ని చిన్నమ్మాయి ఎప్పుడో మరిచిపోయింది. ఆ రోజు ఎవరెవరు, ఎక్కడెక్కడ నిలబడి నవ్వారో మాత్రం ఇప్పటికీ వరసగా చెప్పగలదు.

రెండేళ్ళ కిందట ఒకరోజు తెర మీద పిల్లల ముఖాలు నీలంగా కనిపించాయి. స్కానర్ దీపం పోతోందేమో అనుకుని మళ్ళీ తీసింది. అదే నీలం. కాగితం పట్టుకుని మెట్ల మీదికి, ఎండలోకి వెళ్ళి చూసింది. మిషన్ తప్పు కాదు, కాగితం మీదే ఉంది. అక్క కళ్ళకి పొర కమ్ముతోందని అప్పుడు అర్థమైంది. పసుపు అద్దంలోంచి చూసినట్టు అక్కకి అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయి. అందుకే ఒంటిరంగులో పసుపు తగ్గించి నీలం కలుపుతోంది.

"అక్కా, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ?"

"నా కళ్ళకేం రోగమే? ముందు నీ మిషన్‌ని చూపించు డాక్టరుకి."

చిన్నమ్మాయి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ప్రతి బొమ్మలోనూ నీలం తగ్గించి, బుగ్గలకి ఎరుపు పెంచి పంపేది. పేజీకి గంట పట్టేది. అచ్చయి వచ్చాక అక్క పేజీలు తిప్పి, "మాడినట్టుంది. నా రంగుల్ని నీ మిషన్ కాల్చుకు తింటోంది" అని మూతి విరిచేది. అక్కని రంగులమ్మ అని పిలుచుకునే పాఠకులు మాత్రం ఆమె చేతిలో ఏదో మహిమ ఉందని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవారు. ఆ ఉత్తరాలు అక్క బల్ల అద్దం కింద చేరేవి.

ఇంతలో పత్రికకి యాభై ఏళ్ళు నిండాయి. నలభై ఎనిమిది పేజీల పెద్ద బొమ్మల పుస్తకం వేద్దామన్నారు. మొదటి పేజీలోనే రంగులు వేసినవాళ్ళ పేరు ఉంటుంది. టీ తాగుతూ సంపాదకుడు అన్నాడు, "చిన్నమ్మాయి పేరు కూడా వేద్దామా అమ్మా?"

"దీని పేరెందుకండీ?" అంది అక్క. "మూత ఎత్తడం, మూత దించడం. వంటింట్లో గిన్నె మూతకి ఎవరైనా పేరు వేస్తారా?"

నవ్వుతో సిరా మామయ్యకి టీ పొలమారింది. చిన్నమ్మాయి కూడా అందరితోపాటు నవ్వింది. తన గదిలోకి వెళ్ళి, నాలుగు రోజులు కూర్చుని నలభై ఎనిమిది పేజీలూ స్కాన్ చేసింది. ఒక్క దుమ్ముచుక్క వదల్లేదు. నీలం జోలికి పోలేదు.

ఇంకా ఆగే వీలుంది. రంగులు వేసినవాళ్ళు ప్రూఫు చూసి సంతకం పెడితేగాని కింద అచ్చు మిషన్ తిరగదు. ఇంకెవరూ వేలు పెట్టకూడదని అక్కే పట్టుబట్టి పెట్టించిన నియమం. ప్రూఫులు చిన్నమ్మాయే తీసుకెళ్ళింది. అక్క కిటికీ దగ్గర వాటిని అటూ ఇటూ వంచి చూసింది. ముఖం విప్పారింది.

"అబ్బ! ఇన్నాళ్ళకి నా రంగు నా రంగులా వచ్చిందే. ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదక్కా."

అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అలా వేసి ఎన్నేళ్ళయిందో. నీలం సంగతి చెప్పేద్దామని చిన్నమ్మాయి నోరు తెరిచింది.

"ఈ బుద్ధి మొదట్నుంచీ ఉంటే నాతో ఇన్ని తిట్లు తినేదానివి కాదు కదే" అంది అక్క.

చిన్నమ్మాయి నోరు మూసుకుని, కలం మూత తీసి అందించింది.

"సంతకం పెట్టక్కా."

వారం తిరిగేసరికి సంపాదకుడు పుస్తకం పట్టుకుని రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? వీళ్ళు పిల్లలా, నూతిలోంచి తీసిన శవాలా?"

అక్క పుస్తకం అందుకుని నింపాదిగా నాలుగు పేజీలు తిప్పింది. "ఏమైందండీ? బాగానే ఉంది కదా?"

సిరా మామయ్య కలం కింద పెట్టేశాడు. సంపాదకుడి కోపం ఉన్నట్టుండి దిగిపోయింది. మంచం పట్టిన మనిషిని చూసినట్టు చూశాడు. తరవాత ఇటు తిరిగాడు.

"నీకు తెలీలేదా చిన్నమ్మాయ్?"

"తెలుసండీ. రెండేళ్ళుగా తెలుసు. ఇన్నాళ్ళూ నేనే దిద్ది పంపేదాన్ని. ఈసారి అక్క వేసింది వేసినట్టే పంపాను."

"రెండేళ్ళా?" అంది అక్క. బల్ల అద్దం మీద ఆమె అరచెయ్యి ఆనింది. "ఆ ఏనుగు బొమ్మ? దానికి అన్ని ఉత్తరాలొచ్చాయి..."

"అది నేను దిద్దిందే."

"జాబిల్లి అట్ట?"

"అదీ."

"ఇక చాలు, ఆపండి" అన్నాడు సంపాదకుడు. పుస్తకాలన్నీ చింపించక తప్పదనీ, రంగులమ్మ రేపటి నుంచి ఇంటి దగ్గరే ఉండి కళ్ళ సంగతి చూసుకుంటే మంచిదనీ గోడకి చెప్పినట్టు చెప్పాడు. అక్క వినలేదు. పుస్తకాన్ని కిటికీ దగ్గరికి ఈడ్చుకుని, ముక్కు తగిలేంత కిందికి వంగింది.

"ఎక్కడే? ఎక్కడుంది నీలం? నాకు చూపించు."

"వదిలెయ్ చిన్నమ్మాయ్" అన్నాడు సంపాదకుడు మెల్లిగా.

చిన్నమ్మాయి కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుంది. మొదటి పేజీ తీసింది. ఒక పిల్ల బుగ్గ మీద వేలు పెట్టింది.

"ఇక్కడక్కా."

అక్క కళ్ళు చికిలించి చూసి, తల ఊపింది. ఏమీ కనిపించలేదని ఇద్దరికీ తెలుసు. చిన్నమ్మాయి పేజీ తిప్పింది.

"ఇక్కడ. ఈ చెయ్యి. వెనకాల ఆ ముసలాయన మెడ."

"చాల్లేవే తల్లీ" అని గొణిగి సిరా మామయ్య బయటికి వెళ్ళిపోయాడు. వెనకే సంపాదకుడు కూడా దిగిపోయాడు. ఇంకా నలభై ఆరు పేజీలున్నాయి. ఆమె ఒక్కటీ వదల్లేదు.